మెట్ల నడుమ బావి: ఒక కట్టడపు మాట పుట్టుపూర్వోత్తరాలు

అంతస్తు మీద అంతస్తుగా లేచిన కట్టడంలో మెట్లు కింది నేల నుంచి పై కప్పు దాకా అడ్డు లేకుండా సాగాలంటే ప్రతి అంతస్తు నేలలోనూ ఒకే నిలువున కొంత ఖాళీ వదలాలి, ఆ ఖాళీ చుట్టూ గోడలు లేపాలి, కొన్ని కట్టడాల్లో మెట్ల వరసలు ఒకదానినొకటి తాకకుండా వాటి నడుమ మరికొంత ఖాళీ కూడా విడిచిపెట్టాలి. ఈ మూడింటినీ కలిపి గాని, వీటిలో ఏదో ఒకదానిని గాని సూచించడానికి ఇంగ్లీషులో స్టెయిర్‌వెల్ అనే మాట వాడుకలో ఉంది. స్టెయిర్ అంటే మెట్టు, వెల్ అంటే బావి. నీటి చుక్క లేని చోటికి బావి పేరు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు నిఘంటువులు చెప్పగల జవాబు కొంతే. మిగిలినదంతా రాతిపనివారూ వడ్రంగులూ మెట్లను కట్టే తీరును శతాబ్దాల పాటు ఎలా మార్చుకుంటూ వచ్చారన్న చరిత్రలో ఉంది. మెట్ల నడుమ నిలిచి ఉన్న స్తంభం తొలగిపోయిన తరువాతే ఆ నడుమ బావి వంటి చోటు ఏర్పడింది, అది ఏర్పడిన తరువాతే దానికొక పేరు అవసరమైంది.

ముందుగా మాటల సంగతి. వెల్ అన్నది ప్రాచీన ఆంగ్లంలో మనుషులు తవ్విన గోతికి కాక నేలలోంచి ఉబికి వచ్చే ఊటకు పేరు. ఉడకడం, పొంగడం, సుడులు తిరగడం అనే అర్థాలున్న క్రియతో దానికి సంబంధం ఉంది. జర్మన్ భాషలో అలకు వాడే వెల్లె అన్న మాట దానికి దగ్గరి చుట్టం. తిరగడం, చుట్టుకోవడం అనే అర్థంగల ఇండో యూరోపియన్ ధాతువు వీటికి మూలమనీ, సంస్కృతంలో అలకు పేరైన ఊర్మి కూడా ఆ కుటుంబంలోదేననీ భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఊట చుట్టూ ఒర కట్టి, లోతుకు తవ్వి, నీళ్లు తోడుకోవడం మొదలైన తరువాత ఊట పేరే ఆ నిలువు గోతికి సంక్రమించింది. అక్కడి నుంచి ఆ మాట నీటితో సంబంధం వదులుకొని, నాలుగు వైపులా మూసుకొని నిలువుగా లోతుకు దిగే ఏ చోటికైనా వర్తించింది. చెక్క ఓడల్లో అడుగుభాగాన చేరిన నీటిని తోడే పంపుల చుట్టూ పలకలతో కట్టిన నిలువు అరను కూడా నావికులు వెల్ అనే పిలిచేవారు. స్టెయిర్ అన్న మాటకు మూలం ఎక్కడం అనే అర్థమున్న ధాతువు. జర్మన్ క్రియ స్టైగెన్ దానికి సోదరి. తెలుగులో మెట్టు అనే మాట ఎక్కడాన్ని కాక అడుగు మోపడాన్ని చెబుతుంది. అత్తవారింట కాలు మెట్టడం అన్న వాడుకలో ఆ క్రియ ఇప్పటికీ సజీవంగా ఉంది.

యూరప్ మధ్యయుగపు కోటల్లోనూ చర్చి గోపురాల్లోనూ సాధారణంగా కనిపించే మెట్లలో బావికి తావే లేదు. అవి ఒక గుండ్రటి గోడ లోపల, నడిమి స్తంభం చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోయేవి. రాతిపనివాడు ప్రతి మెట్టునూ ఒక్క రాతిలోనే చెక్కేవాడు. ఆ రాయి వెడల్పయిన కొస గోడలో నాటుకొనేది, సన్నని కొస గుండ్రంగా తేలి కింది మెట్టు గుండు మీద సరిగ్గా కూర్చునేది, అలా గుండు మీద గుండు పేర్చుకుంటూ పోతే మెట్లతోపాటే నడిమి స్తంభం కూడా తయారయ్యేది. ఈ స్తంభానికి ఆంగ్ల శిల్పుల పేరు న్యూయెల్. అది పాత ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మాట, పండు నడుమ టెంకను పిలిచే నొయో అన్న మాటతోనే ఫ్రెంచివారు ఈ స్తంభాన్ని కూడా ఇప్పటికీ పిలుస్తారు. ఆ మెట్ల వరసకు ఇంగ్లీషులో వైస్ అని పేరు. ఫ్రెంచి వీస్ నుంచి వచ్చిన ఆ మాటకు మరమేకు అని అర్థం, దాని లాటిన్ మూలం వీటిస్ అంటే ద్రాక్షతీగ, ఆ తీగ నులి తిరిగే తీరును బట్టి ఆ పేరు. అంటే ఆనాటి మాటలన్నీ మెలికనూ, మెలిక చుట్టుకొన్న టెంకనూ చెప్పినవే. అక్కడ ఖాళీ అనేదే లేదు కనుక ఖాళీకి పేరూ లేదు.

ఈ పద్ధతి కోటలకంటే చాలా పాతది. రోమ్ నగరంలో సామాన్య శకం 113లో పూర్తయిన ట్రాజన్ స్తంభం లోపల 185 మెట్లు పాలరాతి గుండ్లలోనే తొలిచి ఉన్నాయి. హైదరాబాదులో 1591లో లేచిన చార్మినార్ మినార్లలో మెలి తిరుగుతూ పైకి సాగే 149 మెట్లు కూడా ఈ ఇరుకు జాతివే. వాటిని ఎక్కేవారికి ముందున్న నాలుగైదు మెట్లు తప్ప మరేమీ కనబడదు, పైనుంచి దిగేవారు ఎదురయ్యేదాకా వారి ఉనికి తెలియదు. కోటలో ఈ గుణం రక్షణకు పనికొచ్చింది. రాజప్రాసాదంలో, పదిమంది కలిసి నడిచే చోట, అదే లోపంగా తోచింది.

ఆ లోపాన్ని దిద్దే ప్రయత్నం 16వ శతాబ్ది ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ జోరుగా సాగింది. వాటికన్‌లోని బెల్వెదేరె భవనానికి బ్రమాంతే ఆ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కట్టిన గుండ్రటి దారికి మెట్లు లేవు, గుర్రాలు కూడా ఎక్కగల వాలు మాత్రమే ఉంది. దాని నడుమ రాతి టెంకకు బదులు స్తంభాల వరస చుట్టు తిరుగుతూ, లోపల ఖాళీని తెరిచి ఉంచింది. ఫ్రాన్సులో 1519లో మొదలైన షాంబోర్ కోటలో రెండు మెట్ల వరసలు ఒకదానినొకటి తాకకుండా ఒకే ఖాళీ చుట్టూ పైకి పెనవేసుకొని పోతాయి. ఒక వరసలో ఎక్కేవారు మరో వరసలో దిగేవారిని నడుమ ఉన్న కిటికీల గుండా చూడగలరే తప్ప కలవలేరు. ఆ ఆలోచన లియొనార్దో డావించిదని తరచుగా అంటారు గాని, ఆయన ఆ పని మొదలు కాకముందే అదే ఏడాది మే నెలలో కన్నుమూశాడు.

ఇదే పెనవేత నిజమైన నీటి బావిలో కూడా కనిపించడం ఈ కట్టడాల చరిత్రలో గొప్ప సంగతి. 1527లో సైన్యాలు రోమ్‌ను కొల్లగొట్టినప్పుడు పోప్ ఏడవ క్లెమెంట్ కొండ మీది ఒర్వియేతో పట్టణానికి పారిపోయి, ముట్టడి వస్తే నీటికి కొదవ రాకూడదని అక్కడొక బావి తవ్వించాడు. ఆంతోనియో దా సాంగాల్లో రచించిన ఆ కట్టడం 1537లో, క్లెమెంట్ మరణానంతరం, పూర్తయింది. 53 మీటర్ల లోతు, 13 మీటర్ల వెడల్పు గల ఆ గోతిలో నడిమి గొట్టాన్ని ఖాళీగా వదిలి, దాని చుట్టూ 248 చొప్పున రెండు మెట్ల వరసలను మెలితిప్పారు. కంచరగాడిదలు ఒక వరసలో దిగి, నీళ్లు మోసుకొని రెండో వరసలో ఎక్కి వచ్చేవి, ఎక్కడా ఎదురుబొదురు కావలసిన అవసరం ఉండేది కాదు. నడిమి గొట్టం గోడకు పెట్టిన 70 కిటికీల గుండా పైనుంచి పడే వెలుగు మెట్ల మీదికి చేరేది. సెయింట్ పాట్రిక్ బావిగా పేరు పడిన ఈ కట్టడాన్ని కొండలోంచి పెకలించి నేల మీద నిలబెడితే అది నడుమ ఖాళీ ఉన్న, పైనుంచి వెలుగు వచ్చే మెట్ల గోపురమే అవుతుంది. ఇంగ్లీషు మాటకు ఈ బావి మూలమని చెప్పడానికి ఆధారమేమీ లేదు. అయినా బావీ మెట్ల గొట్టమూ ఒకే నిర్మాణ సమస్యకు రెండు జవాబులని దీన్ని చూసిన వారెవరికైనా తెలిసిపోతుంది.

తెలుగు దేశంలో ఈ రెండింటి కలయిక మరో వైపు నుంచి జరిగింది. బావి అన్న తెలుగు మాట సంస్కృత వాపికి తద్భవం. చేద వేసి తోడే ఇరుకైన నూతికి సంస్కృతంలో కూపమని పేరు ఉండగా, మనుషులు నీటి దాకా దిగి వెళ్లగల జలాశయానికి వాపి అనే పేరు వాడారు. గుజరాతీలో మెట్ల బావులకు ఉన్న వావ్ అనే పేరు కూడా ఇదే మాట నుంచి వచ్చింది. పాటణ్‌లోని 11వ శతాబ్ది రాణీ కీ వావ్ ఆ కోవకు చెందినదే. తెలుగులో దిగుడుబావి, నడబావి అనే పేర్లు నడిచి దిగడాన్ని విడిగా చెబుతాయి. వరంగల్ శివనగర్‌లోనూ, 2022లో బాగుచేసి మళ్లీ తెరిచిన సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలోనూ అటువంటి బావులను ఇప్పుడూ చూడవచ్చు. కనుక స్టెయిర్‌వెల్‌ను మెట్ల బావి అని తెలుగు చేస్తే పాఠకుడి మనసు మేడ మీదికి పోదు, నీటి అంచుకు దిగుతుంది.

మెట్ల నడుమ ఖాళీ ఉండడం ఎందుకు మంచిదో సూటిగా చెప్పిన వాడు ఆంద్రేయా పల్లాడియో. 1570లో వెనిసులో అచ్చయిన ఆయన వాస్తు గ్రంథపు మొదటి భాగంలో మెట్లకు ఒక అధ్యాయమే ఉంది. మెట్టు ఎత్తు అర అడుగుకు మించరాదని ఆయన అందులో నియమం పెట్టాడు, మెలి మెట్లను నడుమ స్తంభమున్నవనీ, నడుమ శూన్యమున్నవనీ విడదీశాడు, రెండో రకానికి పైనుంచి వెలుగు దొరుకుతుందనీ, పైన నిలబడ్డవారు ఎక్కి వచ్చేవారిని చూడగలరనీ, వారికి తామూ కనబడతారనీ వివరించాడు. వెనిసులోని కరితా మఠంలో ఆయన కట్టిన అండాకారపు మెట్ల వరస ఇందుకు నిదర్శనం. ఆ కట్టడం ఇప్పుడు అకాదెమియా చిత్రశాలలో భాగం. నడుమ శూన్యమున్న మెట్లను మొదట ఆలోచించినవాడు తన మిత్రుడు మార్కాంతోనియో బార్బరో అని పల్లాడియో రాశాడు గాని, బ్రమాంతే పని అప్పటికే కళ్లెదుట ఉండగా ఆ మాటను స్నేహపూర్వకమైన గౌరవంగానే తీసుకోవాలి.

ఈ ఇటలీ భావాలు ఇంగ్లండు చేరేసరికి వాటికి అక్కడ సిద్ధంగా మాట లేదు. వెనిసులో రాయబారిగా పనిచేసిన హెన్రీ వాటన్ 1624లో వెలువరించిన వాస్తు గ్రంథంలో, మెట్లు ఎక్కేటప్పుడు మనిషికి ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది కనుక తల మీద చోటు విశాలంగా, గాలి ఆడేటట్లు ఉండాలని చెబుతూ ఆ చోటుకు ఇటాలియన్ పేరునే ఎత్తి రాశాడు. మరుసటి ఏడాది, 1625లో, ఫ్రాన్సిస్ బేకన్ తన వ్యాససంపుటి విస్తృత ముద్రణలో గృహనిర్మాణం గురించి రాస్తూ, మంచి భవనంలో పై గదులకు పోయే మెట్లు తెరిచిన న్యూయెల్ చుట్టూ ఉండాలని సిఫారసు చేశాడు. తెరిచిన స్తంభం అనే ఈ మాట పరస్పర విరుద్ధంగా వినిపిస్తుంది. స్తంభం పోయిన చోటును కూడా స్తంభం పేరుతోనే పిలవడం అది. పేరు లేని కొత్త వస్తువును పాత వస్తువు పేరుతో గుర్తించడం భాషలో తరచుగా జరిగేదే. ఆ మాట పూర్తిగా అంతరించలేదు కూడా. తెలుగు రాష్ట్రాల పాలిటెక్నిక్‌లలో సివిల్ విభాగం విద్యార్థులు మెట్ల రకాలను చదివేటప్పుడు, రెండు వరసలు నడుమ ఖాళీ లేకుండా ఆనుకొని ఉండే డాగ్‌లెగ్ మెట్ల పక్కనే ఓపెన్ వెల్, ఓపెన్ న్యూయెల్ అనే పేర్లను ఈనాటికీ నేర్చుకొంటున్నారు. బేకన్ కాలపు వాడుక ఆంగ్లేయుల ఇంజినీరింగ్ బోధనతో కలిసి వచ్చి ఇక్కడి నోటుపుస్తకాల్లో నిలిచిపోయింది.

బావి అనే పేరును ఖాయం చేసింది పండితులు కాదు, వడ్రంగులు. చెక్క దూలాల మీద నేల పరిచే ఇంట్లో మెట్లు పైకి పోవాలంటే కొన్ని దూలాలను మధ్యలో తెగ్గొట్టాలి. తెగిన కొసలు వేలాడకుండా వాటికి అడ్డంగా మరొక దుంగను బిగించి ఆ ఖాళీకి చట్రం కట్టాలి. పొగగొట్టం కోసం వదిలే ఖాళీకీ ఇదే పద్ధతి. 17వ శతాబ్ది చివరా 18వ శతాబ్ది మొదటా వెలువడిన ఆంగ్ల నిర్మాణ గ్రంథాల్లో ఈ అడ్డదుంగలను వివరించే సందర్భంలో, మెట్ల కోసం వదిలిన ఖాళీకి వెల్‌హోల్, అంటే బావిగొయ్యి, అనే పేరు కనిపిస్తుంది. పై అంతస్తు దూలాల మీద నిలబడి పనిచేసే వడ్రంగి కంటికి ఆ ఖాళీ నాలుగు అంచులతో, నిలువుగా, అడుగున చీకటితో కనబడేది; నూతి ఒడ్డున నిలబడ్డ మనిషికి కనబడేదీ అదే. మాట పుట్టిన చోటు మెట్ల కింద కాక మెట్ల పైన అని గుర్తిస్తే దాని అర్థం తేటపడుతుంది. ఈ పేరు ఎక్కేవాడి చూపులోంచి పుట్టలేదు, పైనుంచి కిందికి తొంగిచూసే పనివాడి చూపులోంచి పుట్టింది.

17వ శతాబ్దంలోనే ఇంగ్లండు శిల్పులు ఈ ఖాళీని అందానికి వాడుకోవడం నేర్చారు. గ్రీనిచ్‌లో ఇనిగో జోన్స్ రూపొందించిన రాణి భవనం 1635 నాటికి పూర్తయింది. దానిలోని ట్యూలిప్ మెట్లకు నడుమ ఏ ఆధారమూ లేదు. ప్రతి రాతి మెట్టూ ఒక కొసన గోడలో నాటుకొని, రెండో అంచును కింది మెట్టు మీద మోపి నిలుస్తుంది. బ్రిటన్‌లో ఈ రకానికి అదే మొదటిది. లండన్ మహాదహనానికి గుర్తుగా 1671 నుంచి 1677 వరకు క్రిస్టఫర్ రెన్, రాబర్ట్ హుక్ కట్టించిన 61 మీటర్ల స్మారక స్తంభంలో 311 మెట్లు ఖాళీ చుట్టూ తిరుగుతాయి. ఆ ఖాళీ అలంకారం కోసం వదిలింది కాదు. దానిని నేలమాళిగలోని గది నుంచి శిఖరం దాకా సూటిగా ఉంచి, నడినెత్తి మీదుగా పోయే నక్షత్రాలను చూసే నిలువు దూరదర్శినిగా వాడాలని హుక్ తలపెట్టాడు; వీధిలో బండ్ల రాకపోకల అదురుకు ఆ పని సాగలేదు. నూతిలో నుంచి ఆకాశాన్ని చూడడమనే పాత ఊహకు శాస్త్రరూపమిచ్చిన ప్రయత్నం అది.

ఇక స్టెయిర్‌కేస్ అనే మాట తన అర్థాన్ని జారవిడుచుకొన్న తీరు కూడా ఇక్కడ చెప్పాలి. కేస్ అంటే పెట్టె, తొడుగు. కాబట్టి 17వ శతాబ్దంలో ఆ మాట మెట్లను కాక మెట్లను లోపల పెట్టుకొన్న నాలుగు గోడల నిర్మాణాన్ని చెప్పింది. క్రమంగా పెట్టె పేరు లోపలి వస్తువుకు అంటుకొని, స్టెయిర్‌కేస్ అంటే మెట్ల వరసే అయింది. తెలుగు ఇళ్లలో నేడు స్టేర్‌కేస్ అనేదీ ఆ రెండో అర్థంలోనే. అలా ఖాళీ అయిన స్థానంలోకి, నడిమి ఖాళీకి మాత్రమే చెందిన వెల్ పక్కకు జరిగి, స్టెయిర్‌వెల్ అనే జంట మాటగా మొత్తం నిలువు గదికి పేరయింది. అమెరికా వాడుకలో అయితే నడుమ వేలు దూర్చే సందు లేని మెట్ల గది కూడా స్టెయిర్‌వెల్లే.

పొరుగు భాషలు అదే చోటును వేరు వేరు చూపులతో చూశాయి. ఫ్రెంచివారు గోడల గూడును పంజరమన్నారు. లాటిన్‌లో బోలుగా ఉన్న చోటును చెప్పే కవేయా అన్న మాటే అక్కడ కాజ్ అయింది. నడిమి ఖాళీని మాత్రం వారు జూర్ అంటారు, అంటే పగటి వెలుగు. పల్లాడియో మెచ్చుకొన్న గుణాన్నే ఆ మాట పట్టుకొంది. రష్యన్లు ఫ్రెంచి పంజరాన్ని తమ భాషలోకి క్లెత్కా అని దించుకొన్నారు. జర్మన్లకు గోడల గూడు మెట్ల ఇల్లు, నడిమి ఖాళీ మెట్ల కన్ను. స్పానిష్‌లోనూ ఆ ఖాళీ కన్నే. ఇటాలియన్‌లో దానికి త్రోంబా, అంటే బాకా, అనే పేరుంది. గోడనూ ఖాళీనీ రెండు మాటలతో విడివిడిగా పిలవడంలో ఫ్రెంచి, జర్మన్ భాషల స్పష్టత ఇంగ్లీషుకు లేదనే చెప్పాలి.

తెలుగులో దీనికి పాత దేశి మాట లేకపోవడానికి కారణం ఇళ్ల కట్టుబడిలోనే ఉంది. పెంకుటింటి అటక మీదికి నిచ్చెన చాలేది, మిద్దెకు తరచుగా బయటి గోడ పక్కనే మెట్లు ఉండేవి. నిలువునా ఇంటి నడుమ గొట్టంలా సాగే మెట్ల గది అవసరం బహుళ అంతస్తుల అపార్టుమెంట్లతోనే సర్వత్రా వచ్చింది. దానిని మెట్ల గది అనడం సహజంగా ఉంది, నిలకడగా ఆ మాటే వాడితే సరిపోతుంది.

19వ శతాబ్దంలో ఈ ఖాళీకి కొత్త పని దొరికింది. ఎలైషా ఓటిస్ సంస్థ 1857లో న్యూయార్కులోని హావౌట్ భవనంలో మనుషులను మోసే లిఫ్టును నెలకొల్పింది; అంతకు ముందే, 1853లో పునాది పడిన కూపర్ యూనియన్ భవనంలో పీటర్ కూపర్ ఎప్పటికైనా అటువంటి యంత్రం వస్తుందన్న నమ్మకంతో గుండ్రటి నిలువు గొట్టాన్ని ముందే వదిలించాడు. తరువాత పారిస్ వంటి నగరాల్లో పాత ఇళ్ల మెట్ల నడుమ ఖాళీలోనే ఇనుప చట్రపు చిన్న లిఫ్టులను దింపారు, పగటి వెలుగు పేరున్న చోటును అవి ఆక్రమించాయి. అదే కాలంలో తెరిచిన మెట్ల గొట్టపు ప్రమాదం కూడా నగరాలకు అర్థమవుతూ వచ్చింది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది కనుక కింద నిప్పు అంటుకొంటే మెట్ల నడుమ ఖాళీ పొగగొట్టంలా పనిచేసి, జనం తప్పించుకోవలసిన దారినే ముందుగా మూసివేస్తుంది. వెలుగు కోసం తెరిచిన చోటును మళ్లీ గోడలతో, నిప్పును ఆపే తలుపులతో మూయడం అలా మొదలైంది. 1911 మార్చి 25న న్యూయార్కులోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో 146 మంది చనిపోయిన అగ్నిప్రమాదంలో, ఒక మెట్ల దారి తలుపుకు తాళం వేసి ఉండడం ప్రాణనష్టాన్ని పెంచింది. ఆ తరువాత వచ్చిన చట్టాలు బయటపడే దారుల విషయంలో నియమాలను కఠినం చేశాయి. భారత జాతీయ భవన నియమావళి కూడా 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల కట్టడాలను ఎత్తయిన భవనాలుగా లెక్కించి, వాటి మెట్ల గదుల్లోకి పొగ చొరబడకుండా గాలి ఒత్తిడి పెంచే ఏర్పాట్లను నిర్దేశించింది.

ఈ నియమాల వల్ల కొత్త భవనాల్లో నడిమి ఖాళీ సన్నబడి, చాలా చోట్ల పూర్తిగా పోయింది గాని, వడ్రంగుల పాత మాట మాత్రం అగ్నిమాపక దళాల వృత్తిభాషలో బతికే ఉంది. న్యూయార్కు అగ్నిమాపక సిబ్బంది మంటలున్న అంతస్తుకు నీటి గొట్టాన్ని మెట్ల మలుపుల వెంట ఈడ్చుకుపోతే సుమారు 15 మీటర్ల పొడవున్న ఒక్కో గొట్టం ముక్క ఒక్కో అంతస్తుకే సరిపోతుంది; మెట్ల నడుమ ఖాళీ దొరికి అందులో నిలువుగా పైకి లాగితే అదే ముక్క అయిదు అంతస్తుల దాకా అందుతుంది. అందుకే భవనంలోకి అడుగుపెట్టగానే వారు మెట్ల కటకటాల మీదుగా వంగి పైకి చూస్తారు. అక్కడ గొట్టం పట్టేంత సందు ఉంటే దానిని వెల్‌హోల్ అనే పేరుతోనే వెనుక ఉన్నవారికి కేకవేసి చెబుతారు.